క్యారమ్ బోర్డు మీద ఉదయగిరి ముట్టడి

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ ఎత్తు సముద్ర మట్టానికి 3,079 అడుగులు. ఆత్మకూరు మీదుగా బస్సులో వెళ్తుంటే చాలా దూరం నుంచే కనిపిస్తుంది, ఎంత ప్రయాణించినా దగ్గరకు రానట్టే ఉంటుంది. ఆ కోట మీద జరిగిన యుద్ధాన్ని బొమ్మలతో బల్ల మీద ఆడాలని ఎవరైనా అనుకుంటే మొదటి చిక్కు కొండ దగ్గరే వస్తుంది. బొమ్మ సైనికుల్లో బాగా వాడుకలో ఉన్న 1/72 స్కేల్లో మనిషి 24 మిల్లీమీటర్లు ఉంటాడు, అంటే చిటికెనవేలి కణుపు కంటే కాస్త ఎక్కువ. కొండనూ అదే స్కేల్లో కట్టాలంటే, చుట్టూ ఉన్న నేల నుంచి 500 మీటర్లే లేచిందనుకున్నా, దాదాపు 7 మీటర్లు కావాలి. రెండంతస్తుల డాబా ఎత్తు అది. ఏ ఇంట్లోనూ పట్టదు.

హిస్టారికల్ మినియేచర్ వార్‌గేమింగ్ అనే ఆటంతా ఈ చిక్కును విప్పుకోవడంలోనే ఉంది. చరిత్రలో నిజంగా జరిగిన యుద్ధాన్ని చిన్న బొమ్మలతో, కొలత టేపుతో, పాచికలతో బల్ల మీద ఆడతారు. చదరంగంలా గళ్లుండవు. దళం ఎంత దూరం నడవగలదో టేపు పెట్టి కొలుస్తారు. బాణం అందుతుందో లేదో కూడా టేపే చెబుతుంది. కొట్లాట ఎటు తేలిందో పాచిక చెబుతుంది. కొండ, దళం, రోజు అన్నీ కుదించుకోవాలి కాబట్టి మనిషికి ఒక స్కేలు, నేలకు ఇంకో స్కేలు, కాలానికి మరొకటి పెట్టుకుంటారు. ఒక బొమ్మ 50 మందికి గుర్తు కావచ్చు. అరచేతి వెడల్పు థర్మోకోల్ ముక్క ఒక కొండ కావచ్చు. ఏది కుదించాలి, ఏది వదిలేయాలి, ఏది మాత్రం వదలకూడదు అని తేల్చుకోవడమే ఈ ఆటలో అసలు పని. రూల్ బుక్కులో ఉండే ప్రతి వాక్యం నిజానికి ఒక వాదన: ఆ యుద్ధం ఇందుకు గెలిచారు, ఇందుకు ఓడారు అని. ఆ వాదన తప్పయితే బల్ల మీద తెలిసిపోతుంది.

ఈ తరహా ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. చదరంగం పుట్టిందే చతురంగ బలాల లెక్క మీద. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బంటులు కలిస్తే 'పత్తి' అని పాతవాళ్లు చెప్పిన కొలత అచ్చంగా వార్‌గేమ్ బేస్ (కొన్ని బొమ్మలను కలిపి అతికించి, ఒకే దళంగా కదిపే చిన్న ముక్క) లాంటిదే. అలా పెంచుకుంటూ పోతే అక్షౌహిణిలో 21,870 ఏనుగులు, 1,09,350 మంది కాల్బలం తేలతారు. యూరప్‌లో ఈ ఆటకు ఇప్పుడున్న రూపం ప్రష్యా సైన్యంలో వచ్చింది. రైస్విట్జ్ తండ్రి మొదలుపెట్టిన ఆటను కొడుకు 1824లో మ్యాపు మీద ఆడేలా తీర్చి అచ్చు వేయించాడు. సైన్యాధికారులకు అది నచ్చి రెజిమెంట్లకు పంపించారు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ ఫిరంగితో చిన్న చెక్కముక్కలు పేల్చి తగరపు సైనికులను పడగొట్టే ఆటకు రూల్స్ రాశాడు. అప్పటి నుంచి అది మామూలు జనం ఇళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత కథంతా క్లబ్బులది. ఒక్కడి వల్ల అయ్యే ఆట కాదిది. ఒకరికి చరిత్ర పిచ్చి ఉండాలి, ఒకరికి రంగుల పిచ్చి, ఇంకొకరికి రూల్స్ మీద తగువుపడే ఓపిక. ముగ్గురూ ఒకే ఊళ్లో దొరికితే క్లబ్బు దొరికినట్టే.

నెల్లూరులోనో ఒంగోలులోనో అలా నలుగురు కలిస్తే ఎక్కడ ఆడాలి అన్నది పెద్ద సమస్యగా కనిపిస్తుంది. ఇంగ్లండ్ క్లబ్బుల ఫొటోల్లో ఆరడుగుల బల్లలు, వాటి మీద పచ్చిక, వాగులు, ఊళ్లు చూసి, ఇది మనవల్ల అయ్యేది కాదని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగాల్సిన పనిలేదు. 1990లో ఫిల్ బార్కర్, ఆయన మిత్రులు తయారు చేసిన డీబీఏ అనే రూల్స్‌లో ఒక్కో పక్షానికి 12 బేసులే ఉంటాయి. 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడితే రెండడుగుల చదరపు బోర్డు చాలు. ఇంట్లో అటక మీద ఉండే పెద్ద క్యారమ్ బోర్డు ఆడే భాగం 29 అంగుళాలు. దాని మీద పాత ఫ్లెక్సీ బ్యానర్‌ను తిరగేసి పరిచి, ఆకుపచ్చ, గోధుమ రంగులు కొట్టి, నాలుగు వైపులా రెండున్నరేసి అంగుళాలు వదిలేస్తే యుద్ధభూమి సిద్ధం. చుట్టూ ఉన్న చెక్క అంచు వల్ల పాచిక కింద కూడా పడదు. ఒక్కో బేసు 40 మిల్లీమీటర్ల వెడల్పు. పన్నెండింటినీ వరుసగా నిలబెడితే 48 సెంటీమీటర్లు వస్తుంది. బోర్డు 61 సెంటీమీటర్లు. అంటే ఇటూ అటూ బెత్తెడు కూడా ఖాళీ ఉండదు. ఆ కాస్త ఖాళీ దగ్గరే ఆట మొత్తం నడుస్తుంది.

అది ఎందుకో దగ్గరగా చూడాలి. రెండు బేసులు ముఖాముఖి తగిలాయనుకుందాం. ఒకదాని బలం 4, రెండోదాని బలం 3. ఇద్దరూ చెరో పాచిక వేసి, పడిన అంకెను తమ బలానికి కలుపుకుంటారు. ఎక్కువ వచ్చినవాడిది పైచేయి. తక్కువ వచ్చినవాడు కాస్త వెనక్కి జరుగుతాడు. ఎదుటివాడి మొత్తంలో సగమో, అంతకంటే తక్కువో వస్తే ఆ బేసు బోర్డు మీంచి పోయినట్టే. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో 21 సార్లు బలం 4 ఉన్నవాడే పైచేయి. 5 సార్లు సమానం. 10 సార్లు మాత్రమే బలం 3 ఉన్నవాడు గెలుస్తాడు. పూర్తిగా తుడిచిపెట్టే అవకాశం పెద్దవాడికి 36లో 4 సార్లు ఉంది, చిన్నవాడికి ఒక్కసారి కూడా లేదు. ఒక్క అంకె తేడాకే ఇంత.

ఇప్పుడు చిన్నవాడు తన పక్కనున్న ఇద్దరిని తెచ్చి పెద్దవాడి రెండు భుజాల దగ్గర నిలబెట్టాడనుకుందాం. ఒక్కో భుజానికి ఒకటి చొప్పున పెద్దవాడి బలం 4 నుంచి 2కు పడిపోతుంది. మళ్లీ పాచికలు వేస్తే లెక్క తలకిందులవుతుంది. 21 సార్లు గెలిచేవాడు ఇప్పుడు 10 సార్లే గెలుస్తాడు. తుడిచిపెట్టే అవకాశం చిన్నవాడికి 36లో 6 సార్లకు పెరుగుతుంది, పెద్దవాడికి ఒక్కసారే మిగులుతుంది. మనుషులు మారలేదు, కత్తులు మారలేదు. పక్కన ఎవరున్నారన్నది మాత్రమే మారింది. ప్రాచీన సైన్యాలన్నీ వరుస చెదరకుండా నడవడానికి ఎందుకంత తంటాలు పడ్డాయో చెప్పడానికి పాఠ్యపుస్తకానికి రెండు పేజీలు పడుతుంది. పదో తరగతి పిల్లవాడికి కూడా బోర్డు మీద అది రెండు పందేల్లో అర్థమవుతుంది, పైగా ఒళ్లు మండి అర్థమవుతుంది.

ఆజ్ఞల లెక్క కూడా ఇలాంటిదే. తన వంతు రాగానే ఆటగాడు ఒక పాచిక వేస్తాడు. ఎంత పడితే అన్ని ఆజ్ఞలే ఇవ్వగలడు. వరుస కలిసి ఉంటే పన్నెండు బేసులూ కలిపి ఒకే ఆజ్ఞతో కదులుతాయి. ఆరు ముక్కలుగా చెదిరితే ఆరు ఆజ్ఞలు కావాలి. 1 పడిన వంతులో అయిదు ముక్కలు బొమ్మల్లా నిలబడిపోతాయి. కొత్తగా ఆడేవాళ్లు మొదటి ఆటలో అన్ని వైపులకూ పరిగెత్తించి, మూడో వంతుకే సైన్యం చేజారిపోతే బిత్తరపోతారు. సేనాపతి అరిచినది పక్క దళానికి వినిపించని కాలంలో యుద్ధం అంటే ఇదే. ఇంకో రూల్ కూడా ముఖ్యం: 12లో 4 బేసులు పోగొట్టుకుని, ఎదుటివాడి కంటే ఎక్కువ నష్టపోయిన పక్షం ఓడినట్టే. మిగిలిన ఎనిమిది నిలబడే ఉంటాయి, కానీ గుండె జారిపోయిన సైన్యం అది. సినిమాల్లో చూపించినట్టు ఆఖరి మనిషి దాకా కొట్టుకోవడం చరిత్రలో అరుదు.

ఇంతవరకూ ఏ దేశపు ఆటగాడికైనా పనికొచ్చే మాటలే. మన దగ్గరికి వచ్చేసరికి ఒక లోటు కనిపిస్తుంది. ఈ రూల్స్ రాసినవాళ్లకు రోమ్, గ్రీస్, నెపోలియన్ కంఠతా వచ్చు. దక్షిణ దేశం గురించి తెలిసింది తక్కువ. వాళ్ల సైన్యాల జాబితాల్లో శతాబ్దాల పాటు ఉన్న ఎన్నో రాజ్యాలు 'హిందూ ఇండియన్' అనే ఒకే పద్దు కింద ఉంటాయి: కొన్ని ఏనుగులు, కొన్ని గుర్రాలు, విలుకాళ్లు, ఖడ్గధారులు. అద్దంకి రెడ్లకూ ఓరుగల్లు కాకతీయులకూ తేడా ఉండదు. అది వాళ్ల తప్పు అనడం కంటే, మన లెక్కలు మనం రాసుకోలేదు అనడం న్యాయం. పెద్ద లోటు అది కూడా కాదు. ఆ రూల్స్ ఒక పూట మైదానంలో జరిగే యుద్ధానికి రాసినవి. ఉదయగిరిలో జరిగింది ఒక పూట యుద్ధం కాదు.

శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514 జూన్‌లో పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఈ ముట్టడి గురించి రాసి పెట్టాడు. రాయల వెంట 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులు ఉన్నాయనీ, కోటలో 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ అతని లెక్క. కోట ఎంత గట్టిదంటే ఆకలితో మాడ్చడం తప్ప పట్టుకునే దారి లేదట. పైకి వెళ్లే దారి ఒక్కటే, ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగేంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి, ఆ దారిని వెడల్పు చేయించి, ఇంకా చాలా దారులు వేయించి బురుజుల దాకా వెళ్లాడనీ, చివరికి బలప్రయోగంతోనే కోట తీసుకున్నాడనీ రాశాడు. ఆ అంకెలు కళ్లతో చూసి లెక్కపెట్టినవి కావు, ఇరవై ఏళ్ల తర్వాత విన్నవి. కాబట్టి కొంత తగ్గించి చూసుకోవచ్చు. కానీ దారి గురించి చెప్పిన మాట మాత్రం కొండను చూసినవాళ్లెవరూ కాదనలేరు.

ఈ అంకెలను తీసుకెళ్లి డీబీఏ బోర్డు మీద పెడితే ఏమవుతుంది? రాయలకు 12 బేసులిస్తే కోటవాళ్లకు న్యాయంగా నాలుగు కూడా రావు. పది నిమిషాల్లో ఆట అయిపోతుంది. ఏడాదిన్నర పట్టింది పది నిమిషాల్లో తేలిపోతే రూల్స్ ఏదో పెద్ద విషయాన్ని వదిలేశాయనే అర్థం. వదిలేసింది తిండి.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. మనిషికి రోజుకు అరకిలో గింజలనుకుంటే 34,000 మందికి రోజుకు 17 టన్నులు. ఒక పెరికె ఎద్దు వంద కిలోలు మోస్తుందనుకుంటే, ప్రతి రోజూ 170 ఎద్దులు ధాన్యంతో శిబిరానికి చేరాలి. ఒక్కరోజు రెండు రోజులు కాదు, ఏడాదిన్నర. ఏనుగు రోజుకు 150 కిలోల మేత మేస్తుందంటారు. 800 ఏనుగులకు 120 టన్నులు. ఉదయగిరి చుట్టుపక్కల మెట్ట నేలల్లో, ఎండాకాలంలో, అంత పచ్చి మేత ఎక్కడి నుంచి వస్తుంది? ఏనుగుల సంఖ్యను అనుమానించడానికి ఇదొక్కటి చాలు. నిజంగానే అన్ని ఉంటే అవి ఏడాదంతా కొండ కింద కట్టేసి ఉండలేదని కూడా అనుకోవచ్చు. ఇక కోటలో ఉన్న 10,400 మందికి రోజుకు 5 టన్నులకు పైగా కావాలి. పద్దెనిమిది నెలలకు దాదాపు 2,800 టన్నులు. అంత ధాన్యం ముందే పైకి ఎక్కించి ఉండాలి, లేదా అర్ధాకలితో సరిపెట్టుకుని ఉండాలి, లేదా రాయల కాపలా కళ్లుగప్పి రాత్రిళ్లు మూటలు పైకి వెళ్తూ ఉండాలి. మూడింటిలో ఏది ఎంత అన్నదే ఆ ముట్టడి కథ.

అందుకే ఉదయగిరిని ఆడాలనుకునే క్లబ్బు కత్తుల రూల్స్ పక్కన పెట్టి దారి రూల్స్ రాసుకోవాలి. ఒక పద్ధతి ఇలా ఉండవచ్చు. ఆట మొత్తం 18 వంతులు, ఒక్కో వంతు ఒక నెల. ముట్టడించేవాడికి నెలకు నాలుగు పాచికలు. వేయకముందే వాటిని పంచుకోవాలి: దారికి ఎన్ని, తిండికి ఎన్ని, కాపలాకు ఎన్ని. దారి పూర్తవడానికి 60 పాయింట్లు. పాచికకు సగటున మూడున్నర పడుతుంది కాబట్టి నెలకు ఒక్కటి దారికి కేటాయిస్తే 18 నెలలకు 63 వస్తాయి, చివరి నెలలో బురుజు చేరతాడు. రెండు కేటాయిస్తే తొమ్మిది నెలలకే అయిపోతుంది. కానీ అప్పుడు తిండికీ కాపలాకూ కలిపి రెండే మిగులుతాయి. తిండికి 6 కంటే తక్కువ వచ్చిన ప్రతి నెలా సైన్యంలో ఒక బేసు ఇంటిదారి పడుతుందని రూల్ పెడితే, తొందరపడినవాడు తొమ్మిదో నెలకు దారి పూర్తయినా, సైన్యంలో సగానికి పైగా మిగలని స్థితికి రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, తుఫాన్లు కాబట్టి ఆ మూడు నెలలూ ఒక పాచిక తగ్గించాలి. కోటవాడి దగ్గర 15 ధాన్యపు బిళ్లలు. నెలకు ఒకటి ఖర్చు. రెండు నెలలకు ఒకటితో సరిపెట్టవచ్చు, కానీ అప్పుడు చివరి పోరాటంలో అతని బలం ఒకటి తగ్గుతుంది. కాపలా పాచిక మీద 1 గానీ 2 గానీ పడినా, అసలు కాపలాకు పాచికే పెట్టకపోయినా, ఆ నెల ఒక బిళ్ల రహస్యంగా పైకి చేరినట్టు. దారి పూర్తయ్యాకే బొమ్మలు బోర్డు మీదికి వస్తాయి. ఆఖరి గంట మాత్రమే మామూలు యుద్ధం.

బిళ్లలు, పాయింట్లు ఇలాగే ఉండాలని లేదు. నాలుగైదు సార్లు ఆడి సరిచేసుకోవాల్సిందే. అయితే ఇలా ఆడినప్పుడు ఆటగాడి బుర్రలో మెదిలే ప్రశ్నలు మారిపోతాయి. ఏ దళాన్ని ఎటు నడపాలి అన్నది పోయి, ఈ నెల గడిచేదెలా అన్నది వస్తుంది. రాయలు ఈ ముట్టడి ముగిశాక ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి 1515లో విజయనగరంలో కొత్త గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. అదే ఏడాది కొండవీడు కూడా పట్టుకున్నాడు. ఇన్ని కోటలు గెలిచిన రాజు గజపతుల మీద మొదటి గెలుపును అంత గొప్పగా ఎందుకు చెప్పుకున్నాడో, పదిహేనో నెలలో తిండి పాచిక మీద 1 పడినవాడికి బాగా తెలుస్తుంది.

ఒక పక్షానికి బలం, మరో పక్షానికి ఓపిక అనే ఇలాంటి ఎగుడుదిగుడు ఆట ఇక్కడివాళ్లకు నేర్పాల్సిన పనిలేదు. పాత గుళ్ల మండపాల్లో నేల రాళ్ల మీద చెక్కిన పులి-మేక గీతలు అదే చెబుతాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి చంపి గెలుస్తుంది, మేకలు చుట్టుముట్టి గెలుస్తాయి. ఇద్దరి గెలుపూ ఒకటి కాదు. వార్‌గేమ్ రూల్స్ రాసుకునే క్లబ్బుకు ఇంతకంటే మంచి నమూనా బయట వెతకనక్కర్లేదు.

పెద్ద ముట్టడి భయపెడితే చిన్నది కూడా ఉంది. పదమూడో శతాబ్దంలో కరువుకు పశువులను తోలుకొచ్చి పాలేరు ఒడ్డున మేపుకున్న కాటమరాజుకూ, నెల్లూరు రాజు మనుమసిద్ధికీ పుల్లరి (మేతకు కట్టే పన్ను) దగ్గర తగవు వచ్చి, పంచలింగాల దగ్గర పోరు జరిగిందని కథాగానం చెబుతుంది. రాజు వైపు సేనాని ఖడ్గతిక్కన. ఇలాంటి పోరుకు ఒక బొమ్మ అంటే ఒక్క మనిషే అనుకునే స్కిర్మిష్ ఆట సరిపోతుంది. పక్షానికి పదిహేను ఇరవై బొమ్మలు చాలు. ఇక్కడ కూడా రూల్‌లో వాదన ముఖ్యం. ఎంతమందిని చంపారన్నది బట్టి గెలుపు లెక్కిస్తే ఆ తగవు అర్థమే పోతుంది. బోర్డు మధ్యలో ఆవుల మంద ఉండాలి. చివరి వంతుకు ఏ ఒడ్డున ఎన్ని ఆవులు మిగిలాయో దాన్ని బట్టే గెలుపోటములు. మంద ఎవరి మాటా వినదు. దగ్గర్లో కొట్లాట జరిగితే పాచిక వేసి అది ఎటు పరిగెడుతుందో చూడాలి. పశువులను కాచినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ రూల్ రాసేటప్పుడు వాళ్లను అడిగితే ఏ పుస్తకమూ చెప్పని సంగతులు చెబుతారు.

ఇదే కథలో, దళం చెదిరి ఇంటికి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనను భార్య, తల్లి ఎత్తిపొడిచి మళ్లీ యుద్ధానికి పంపిన ఘట్టం అందరికీ తెలిసిందే. వార్‌గేమ్ భాషలో దాన్ని ర్యాలీ అంటారు: పారిపోతున్న దళం మళ్లీ కూడుకోవడం. చాలా రూల్స్‌లో సేనాపతి దగ్గరుంటే పాచికకు ఒకటి కలుపుతారు. ఇక్కడ కలపాల్సింది ఊరికి దగ్గరగా పారిపోయినందుకు. పరువు అన్నది ఆ కాలపు యోధుడికి కవచంతో సమానమని కథ చెబుతుంటే, రూల్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

ఒక జాగ్రత్త కూడా అవసరం. కాటమరాజు కొందరికి చరిత్రలో పాత్ర కాదు, కొలుచుకునే దేవుడు. రాత్రంతా కథ పాడి మొక్కులు తీర్చుకునే కుటుంబాలున్నాయి. మావాడు, మీవాడు అనే మాట బల్ల దగ్గరికి వస్తే ఆట చెడుతుంది, స్నేహం కూడా చెడుతుంది. దీనికి మంచి మందు పక్షాలు మార్చుకోవడం. ఉదయం కాటమరాజు వైపు ఆడినవాడు మధ్యాహ్నం నెల్లూరు వైపు ఆడాలి. రెండు ఆటల ఫలితం కలిపి చూడాలి. రెండో ఆటలో మనిషి మాట తీరే మారుతుంది. పొద్దున 'పుల్లరి అడగడం అన్యాయం' అన్నవాడే సాయంత్రానికి 'మేపుకున్నాక కట్టొద్దా' అంటాడు. రైస్విట్జ్ ఆట నుంచి తీసుకోదగ్గ ఇంకో మంచి పద్ధతి మధ్యవర్తి. ఆడని మనిషి ఒకడు రెండు పక్షాల ఆజ్ఞలూ చీటీల మీద తీసుకుని, ఎవరికి ఏది కనిపిస్తుందో అదే బల్ల మీద పెడతాడు. రూల్ దగ్గర గొడవ వస్తే అతని మాటే ఆఖరు. క్లబ్బులో నిదానస్తుడికి ఆ పని అప్పజెప్పాలి.

బొమ్మల సంగతి. విదేశాల నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి బొమ్మ ఖరీదును మించిపోతాయి. అదీకాక విజయనగర సైనికుడి బొమ్మ వెతికినా సులువుగా దొరకదు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు ఒక్కరుంటే చాలావరకు గట్టెక్కవచ్చు. లేదంటే అట్టముక్క మీద అతికించిన కాగితపు బొమ్మలతో మొదలుపెట్టడంలో తక్కువతనమేమీ లేదు. బోర్డు మీద లెక్కకు వచ్చేది బేసు వెడల్పే. పశువుల మందకు బజారులో దొరికే చిన్న ప్లాస్టిక్ ఆవులు తెచ్చి, ఎం-సీల్ ముద్దతో మూపురం పెట్టి, మెడ కింద గంగడోలు లాగితే ఒంగోలు గిత్తలవుతాయి. తెల్ల రంగు ఒకేసారి మందంగా వేయకూడదు. ముందు లేత బూడిద రంగు వేసి, అది ఆరాక మూపురం మీద, వీపు మీద మాత్రమే తెలుపు పల్చగా రెండు మూడు సార్లు తాకించాలి. కాళ్ల మధ్య, గంగడోలు ముడతల్లో బూడిద మిగిలిపోతుంది. అడుగు దూరం నుంచి చూస్తే గిత్త ఎండలో నిలబడినట్టే ఉంటుంది. మే నెలలో ఫ్యాను కింద కూర్చుని రంగు వేస్తే కుంచె మీదే ఆరిపోతుంది. స్టీలు మూతలో తడి గుడ్డ పరిచి, పైన బటర్ పేపర్ వేసి దాని మీద రంగు కలుపుకుంటే గంటల తరబడి పచ్చిగా ఉంటుంది. స్ప్రే ప్రైమర్ మాత్రం తుఫాను రోజుల్లో కొట్టకూడదు. గాలిలో తేమకు బొమ్మ మీద బూజు పట్టినట్టు తెల్లగా పొర కడుతుంది, అది సులువుగా పోదు. నేలకు పెన్నా ఇసుక జల్లించి ఫెవికాల్ మీద చల్లితే చాలు. చెక్క పనికి ఉదయగిరికి మించిన చోటు ఈ జిల్లాలో లేదు. చెక్కతో గరిటెలు, స్పూన్లు అంత సన్నగా చెక్కేవాళ్లకు బురుజు చెక్కి ఇవ్వడం కష్టమేమీ కాదు.

పక్షానికి పన్నెండు బేసులు, ఒక మంద, ఒక బురుజు చేతికొచ్చాక క్లబ్బు ముందుకు ఇంకో యుద్ధం వస్తుంది. 1757లో కంపెనీ అధికారి ఫోర్డ్ నెల్లూరు కోటను ముట్టడించి, పట్టుకోలేక వెనుదిరిగాడు. అదే ఫోర్డ్ మరుసటి ఏడాది డిసెంబరులో గోదావరి వైపు చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించాడు. ఒకే సేనాని, దాదాపు ఒకే రకం సిపాయిలు. ఒక చోట కోట గోడ ఎదురైంది, ఇంకో చోట విశాలమైన మైదానం. ఎర్ర కోటుల బేసులు ఒక్కసారి రంగు వేసుకుంటే రెండు ఆటలకూ పనికొస్తాయి. ఉదయగిరి కోసం రాసుకున్న దారి, తిండి, కాపలా రూల్స్ నెల్లూరు కోటకు ఎంతవరకు సరిపోతాయో అక్కడ తేలుతుంది. కొండ లేదు కాబట్టి దారికి 60 పాయింట్లు అక్కర్లేదు. గోడకు గండి కొట్టడానికి ఎన్ని పెట్టాలన్నది క్లబ్బు కూర్చుని తగువుపడి తేల్చుకోవాల్సిన అంకె.